కావ్య నిర్వచనం: మమ్మటుడి నుంచి జగన్నాథ పండితరాయల దాకా

కావ్యమంటే ఏమిటన్న ప్రశ్న సంస్కృత అలంకారశాస్త్రంలో, అంటే కావ్యతత్త్వాన్ని విచారించే శాస్త్రంలో, తొలి ఆలంకారికుల్లో ఒకడైన భామహుడి కాలం నుంచి సుమారు వెయ్యేళ్లపాటు చర్చకు నిలిచింది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు దోషాలు లేనివీ, గుణాలు కలవీ, ఒక్కొక్కచోట అలంకారం లేకున్నా చెల్లేవీ అయిన శబ్దార్థాలు రెండూ కలిసి కావ్యమన్నాడు. దోషం బొత్తిగా లేని రచన దొరకడమే అరుదు కనుక ఈ లక్షణం నిలవదని 14వ శతాబ్దంలో కళింగదేశపు విశ్వనాథుడు ఆక్షేపించి, రసమే, అంటే కావ్యం వల్ల కలిగే భావాస్వాదనే, ఆత్మగా గల వాక్యం కావ్యమని సాహిత్యదర్పణంలో ప్రతిపాదించాడు.

ఈ ఇద్దరినీ ఎదుర్కొన్నవాడు 17వ శతాబ్దపు తెలుగువాడు జగన్నాథుడు. కోనసీమలోని ముంగండకు చెందిన వేగినాటి బ్రాహ్మణ వంశీయుడైన ఈయన మొగలు చక్రవర్తి షాజహాన్ ఆస్థానంలో పండితరాజ బిరుదు పొందాడు. కావ్యం విన్నాము గాని అర్థం తెలియలేదని లోకులు చెప్పుకుంటారు కనుక కావ్యత్వం శబ్దానిదే తప్ప శబ్దార్థాలు రెండింటిదీ కాదని తన రసగంగాధరంలో మమ్మటుడిని ఖండించాడు. రసమున్నదే కావ్యమంటే వస్తువర్ణనకూ అలంకారానికీ ప్రాధాన్యమిచ్చిన మహాకవుల రచనలు కావ్యాలు కాకుండా పోతాయని విశ్వనాథుడికి బదులిచ్చాడు.

రమణీయమైన అర్థాన్ని తెలిపే శబ్దమే కావ్యమన్నది ఆయన నిర్ణయం. లోకోత్తరమైన ఆహ్లాదాన్ని కలిగించే జ్ఞానానికి విషయం కావడమే రమణీయత. కొడుకు పుట్టాడన్న మాటా, ధనమిస్తానన్న మాటా సంతోషం కలిగించినా అది లౌకికమే కనుక అవి కావ్యాలు కావు. లోకోత్తరాహ్లాదానికి కారణం భావన, అంటే ఆ అర్థాన్ని మనసులో మళ్లీ మళ్లీ మననం చేయడం. దీంతో కావ్యలక్షణాన్ని శబ్దంలో చెప్పినా, దాని పరీక్ష సహృదయుడి, అంటే రసజ్ఞుడైన పాఠకుడి, అనుభవానికే చేరింది.

రసాన్ని వివరించేటప్పుడు ఆయన పూర్వపు కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడి మతాన్ని ముందుంచి, దానికి వేదాంతాన్ని జోడించాడు. మూత తీయగానే దీపం తాను వెలుగుతూ చుట్టుపక్కల వస్తువులను చూపినట్లు, అజ్ఞానపు ఆవరణ తొలగిన చైతన్యం రతి మొదలైన స్థాయిభావాలను, అంటే మనసులో స్థిరంగా ఉండే భావాలను, వెలిగిస్తూ తానూ ప్రకాశిస్తుందనీ, ఆ చైతన్యమే రసమనీ తేల్చాడు.

ఉదాహరణలకు పరుల పద్యాలు తీసుకోక స్వయంగా రచించుకోవడం వల్ల లక్షణకర్తా కవీ ఆయనలో ఒక్కరే అయ్యారు. రసగంగాధరం అసంపూర్ణంగానే మిగిలింది. అయినా అలంకారశాస్త్రంలో చివరి మహాగ్రంథంగా పండితులు నేటికీ దానినే లెక్కిస్తారు.