ఉప్పాడ తీరమున బధిరుల చరిత్ర

ఉప్పాడను సముద్రము ఏటేటా కొంత కొంత కబళించుచు వచ్చిన సంగతి గోదావరి సీమలో ఎరుగనివారు లేరు; ఆ యూరి జామ్దానీ చీర కీర్తియు 2009లో భౌగోళిక గుర్తింపు లభించుటతో దేశమంతట వ్యాపించినది. అయితే ఒకవైపు అలల హోరును, మరియొకవైపు నాడె చప్పుడును ఎడతెగక వినవచ్చెడి ఆ తీరమున, ఆ రెండింటిలో దేనినిగాని యెన్నడు నెరుగక పుట్టి పెరిగి గతించిన మనుష్యులను గూర్చి తలచువారు అరుదు. వేయి కాన్పులకు ఒకరిద్దరు వినికిడి లేక పుట్టుట లోకమంతటను ఉన్నదే కనుక, ఉప్పాడలోను, పిఠాపురములోను, కాకినాడలోను అన్ని తరములందును అట్టివారు ఉండియే యుందురు. వారి జాడ మాత్రము ధర్మశాస్త్రములందును, చట్టములందును, బడుల కథలందును వెదకికొనవలసినదే.

ముందుగా మగ్గమును చూతము. గుంట మగ్గములో కాళ్లు దించి, పలుమార్లు ఇద్దరు నేతగాండ్రు ఒకే చీరపై ప్రక్కప్రక్కన కూర్చుండి, పేక యొకటి పడిన పిమ్మట, బుటా రావలసిన చోట పడుగు పోగులను వ్రేళ్లతో నెత్తి, రంగుపట్టో జరీయో చుట్టిన చిన్న కండెను వాటి క్రిందుగా దూర్చి, మరల నాడె విసరుదురు. ఈ పనిలో మాటకు చోటు తక్కువ. తోడివాని చేయి తన బుటాను ముగించినదో లేదో ప్రక్కవాడు కంటితోనే ఎరుగును. పన్నె దెబ్బ పడుగంతట ప్రాకి వ్రేలికి తెలియును, తొక్కుడు కదలిక కాలికి తెలియును. తండ్రి చేతి వెంట చూపు నిలిపి నేర్చుకొనుటయే ఆ విద్యకు గురూపదేశము. కావున పుట్టుకతో వినని బిడ్డకు మగ్గముకడ కొరత యేమియు లేదు; కొరత గుంటనుండి పైకి వచ్చిన తరువాత, సంతలో, పంపకములో, పెండ్లి మాటలలో, బడిలో మొదలగును.

చెవిటివాని ముందు శంఖ మూదినట్లని మనవారు సామెత చెప్పుకొందురు. ఊదినవానిదే తెలివితక్కువ యని యెవ్వరికిని తోచకపోవుట వింత. బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టుదురు. ఇంటిభాష తల్లి యొడిలో అబ్బును గాని బధిరుల భాష అట్లబ్బదు. అది తోటి బధిరుని వలననే రావలెను, ఊరికి ఒకరిద్దరున్నచోట ఆ తోటివాడు దొరకడు. అందుచేత తల్లియు బిడ్డయు తమకు మాత్రమే తెలిసిన సైగలను కొన్ని కల్పించుకొందురు. అన్నము, నీరు, నిద్ర, పాము అనుటకు అవి చాలును. నిన్న సంతలో జరిగిన తగవును వివరించుటకు చాలవు. ఆ తల్లి గతించెనా, ఆ భాషలో సగము ఆమెతోనే పోవును.

పంపకము సంగతి మరింత కఠినము. పుట్టు గ్రుడ్డివానికి, పుట్టు చెవిటివానికి, మూగవానికి పిత్రార్జితమున భాగము లేదనియు, జీవితాంతము అన్నవస్త్రము లిచ్చి పోషించుట మాత్రమే దాయాదుల విధి యనియు మనుస్మృతి చెప్పినది. ఇది తాటాకులలో నిదురించిన ధర్మ మనుకొనరాదు. ఆంగ్లేయుల న్యాయస్థానములు దీనినే హిందూ ధర్మశాస్త్రముగా నమలుపరచినవి, లోపము పుట్టుకతో వచ్చినదియు నయము కానిదియు నని ఋజువు కావలెనని మాత్రము నియమించినవి. జ్వరముతో పదియవయేట వినికిడి పోయినవానికి భాగము కలదు, పుట్టుకతో లేనివానికి లేదు. 1928లో వచ్చిన చట్టము, పుట్టుకతో ఉన్మాదులును జడులును అయినవారిని తప్ప, తక్కిన వారినందరిని ఈ నిషేధమునుండి విడిపించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఏ రోగమును, ఏ అంగలోపమును వారసత్వమునకు అడ్డు కాదని 28వ సెక్షనులో చెప్పి ఆ మిగిలిన దానినికూడ తొలగించినది. గుంట మగ్గము, గజముల స్థలము తప్ప మరేమియు లేని నేతగాని యింట ఈ చట్టముతో పనియేమి యని అడుగవచ్చును. ఆ గుంట ఎవరిదన్నదే ఆ యింట పెద్ద ప్రశ్న గదా!

ఇందులో మరియొక విపరీతము కలదు. తెలుగునాట మేనరికములు కలుపుకొనుటకు చెప్పెడి కారణములలో ఆస్తి పరులపాలు కారాదన్నది ప్రధానము. వినికిడిని కలిగించు కనెక్సిన్ 26 వంటి జన్యువులలో లోపమున్నను, ఒక ప్రతి మాత్రమే చెడినవాడు చక్కగా వినును. అట్టి ఇద్దరు, ఒకే తాతకు మనుమడును మనుమరాలును అయి పెండ్లాడినప్పుడు, నాలుగు కాన్పులలో ఒకటి బధిర శిశువు కాగల అవకాశ మేర్పడును. ఆస్తి చీలిపోకుండుటకై చేసిన పెండ్లివలన పుట్టిన బిడ్డకే ఆ ఆస్తిలో భాగము లేకుండజేసిన శాస్త్రమును, ఆ రెండింటిని కలిపి నడిపిన మన పెద్దలను ఏమనవలెనో నాకు తెలియదు. మేనరికమే సర్వకారణ మని కాదు. గర్భిణికి సోకిన రుబెల్లా, పసిబిడ్డకు ముదిరిన కామెర్లు, మెదడువాపు, కొన్ని సూదిమందులు కూడ చెవిని చెరచును.

దగ్గరి సంబంధములవలన బధిరులు ఎక్కువైనచోట ఊరు వేరొక విధముగా నడచుకొనుటయు కలదు. అమెరికా తూర్పుతీరమున, ఉప్పాడవలెనే చేపలవేటపై బ్రదికిన మార్తాస్ వినియార్డ్ అను ద్వీపమున వినగలవారును చిన్ననాటినుండి సైగలు నేర్చి, పడవకును పడవకును నడుమ, కేకలు గాలికి పోవుచోట, చేతులతో మాటలాడుకొన్న వృత్తాంతమును నోరా గ్రోస్ 1985లో గ్రంథస్థము చేసెను. మన హిందూపురమునకు చేరువనే, కర్ణాటకములోని అలీపురమున ఊరివారి సంజ్ఞాభాష నేటికిని కలదు.

బడి కథకు మూలము విదేశమున నున్నది. 1880లో మిలాను నగరమున కూడిన బధిరవిద్యా సభ, బధిరులు దాదాపు లేకయే, సైగలను బడినుండి వెడలగొట్టి, పెదవుల కదలిక చూచుటయు నోట పలుకుటయు మాత్రమే నేర్పవలెనని తీర్మానించెను. మన దేశమున బొంబాయిలో 1885లోను, కలకత్తాలో 1893లోను వెలసిన బడులు ఆ తీర్మానపు నీడలోనే పెరిగినవి. గోదావరి జిల్లా అప్పుడు చెన్నపట్నపు రాజధానిలోనిది. ఆ రాజధానిలో ఫ్లారెన్సు స్వెయిన్సన్ అను మిషనరీ దొరసాని 19వ శతాబ్దపు చివరి దశకమున నెలకొల్పిన బడి తమిళదేశపు తుదిని, పాలయంకోటలో నుండెను. ఉప్పాడ నేతగాడు బిడ్డను అంతదూరము పంపుట కల్ల.

కాలక్రమమున తెలుగుదేశమునను, బాపట్ల వంటి చోట్ల, బధిర పాఠశాలలు వచ్చినవి. ఇటువంటి బడులలో పగలు సైగచేసిన చేతికి బెత్తము తగులుటయు, రాత్రి వసతిగృహపు దీపము క్రింద అవే చేతులు తెరపి లేక మాటలాడుటయు, పలు దేశములందును జరిగినదే. భాష పుట్టినది ఆ దీపము క్రిందనే. మన బధిరుల భాషలో మగవానిని మీసము చూపియు, ఆడుదానిని ముక్కుపుడక చోట వ్రేలుంచియు చెప్పుదురు. ప్రశ్నపదము వాక్యము తుదిని వచ్చును. లేని మనిషిని గాలిలో ఒకచోట నిలిపి, మరల ఆ చోటును చూపినచో 'అతడు' అగును. క్రొత్తగా చేరిన పిల్లవానికి గడ్డముపై పుట్టుమచ్చనో నుదుటి గాటునో పట్టి తోటివారు పేరు పెట్టుదురు. ఇంట పెట్టిన పేరును వాడెన్నడును వినలేదు. ఈ పేరును కన్నులార చూచును.

బాల్యమున వినికిడి కోల్పోయిన మదన్ వశిష్ఠ, అమెరికా భాషావేత్తలతో కూడి 1970ల చివర ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరుల సైగలను పరిశీలించువరకు, ఇది భాష యని పండితు లంగీకరింపలేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన పిఠాపురము ప్రక్కన నిలిచి చూచినచో, భారతీయ సంజ్ఞాభాషకు 3000 పదములతో ప్రభుత్వ నిఘంటువు 2018లోగాని రాలేదనుట ఎంతటి జాప్యమో బోధపడును.

ఇక చికిత్స సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ యను ప్రభుత్వ వైద్యపథకము, వినికిడి యంత్రమును చెవిలో అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సను పసిబిడ్డలకు ఉచితము చేసినది. దానివలన మాట వచ్చిన పిల్లలు నిస్సందేహముగా కలరు. కాని శస్త్రచికిత్సతో పని తీరదు; ఏడాదికి తక్కువ గాకుండ మాటల శిక్షణకు బిడ్డను త్రిప్పవలెను, త్రిప్పిననాడు మగ్గము ఆగును, మగ్గ మాగిననాడు కూలి లేదు. చెవివెనుక తగిలించు ప్రాసెసరు చెడినచో బాగుచేయించు ఖర్చు నేతకూలికి అందనిది. సైగలు చేసినచో మాట రాదను భయముతో శిక్షణకాలమున వాటిని మాన్పించు ఆచారము ఇంకను పలుచోట్ల కలదు. యంత్రము మూలబడి, సైగయు నేర్వని పిల్లలు పదేండ్లు దాటిన పిదప బధిర పాఠశాలకు వచ్చి, తమకంటె చిన్నవారి వద్ద మీసము, ముక్కుపుడకలతో ఓనమాలు మొదలుపెట్టుచున్నారు.