ఆయిల్ మార్చాక లారీ డీజిల్ ఇంజన్‌లో తలెత్తే లోపాలు, వాటి నిర్ధారణ

అప్పటిదాకా బాగా నడిచిన డీజిల్ లారీ, ఇంజన్ ఆయిల్ మార్చిన కొద్ది గంటల్లోనో కొద్ది రోజుల్లోనో మొరాయించడం లారీ షెడ్లలో తరచు కనిపించే సంగతి. ఆయిల్ ప్రెషరు పడిపోవడం, పొగ, కొత్త శబ్దం, ఆయిల్ కారడం, అసలు స్టార్ట్ కాకపోవడం దాని లక్షణాలు. వీటిలో చాలావరకు ఇంజన్ అరిగిపోవడం వల్ల వచ్చినవి కావు, పని చేసిన చేతి వల్ల వచ్చినవి. కనుక నిర్ధారణ ఇంజన్ విప్పడంతో మొదలు కాకూడదు. ఆ రోజు ఏ బోల్టు తిప్పారు, ఏ మూత తీశారు, ఏ డబ్బాలోది ఎంత పోశారు అన్న ఆరాతో మొదలు కావాలి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో (2022లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలతో కలిపి) పత్తి, మిర్చి రవాణా తీరు వల్ల ఈ లోపాలకు కొన్ని స్థానిక కారణాలూ తోడవుతాయి.

సీజను, సర్వీసు

పత్తి తీత అక్టోబరు నుంచి జోరందుకుంటుంది. మిర్చి సంక్రాంతి దాటాక మొదలై మే దాకా గుంటూరు యార్డుకు వస్తూనే ఉంటుంది. ఊళ్ళ నుంచి పత్తి జిన్నింగ్ మిల్లులకు, అక్కడి నుంచి సుమారు 170 కిలోల బేళ్ళు నూలు మిల్లులకు, మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలకు, చెన్నై వైపు రేవులకు పోవాలి. కిరాయిలు ఉన్న నెలల్లో బండిని రెండు రోజులు షెడ్డులో పెట్టడానికి ఓనరుకు మనసు రాదు. లోడుకీ లోడుకీ మధ్య దొరికిన సందులో, రోడ్డు పక్కన ఒరిగి నిలిచిన బండికింద, చీకట్లో ఆయిల్ మార్చేస్తారు. పని చెడేది ఇక్కడే. నల్లరేగడి నేల మీద, కల్లాల దారుల్లో సమతలం దొరకడం కష్టం. బండి కాస్త పక్కకు ఒరిగి ఉంటే గేజి పుల్ల చెప్పే లెక్క రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అవుతుంది.

ఇక దుమ్ము. మిర్చి ఘాటు మెకానిక్ కళ్ళను మండించడమే గాని ఇంజన్‌ను చేసేదేమీ లేదు. పత్తి నూగు అలా కాదు. రేడియేటరు రెక్కల మధ్య మందంగా పేరుకుని గాలిని ఆపేస్తుంది. ఆయిల్ మార్చిన మర్నాడే ఇంజన్ వేడెక్కితే నెపం కొత్త ఆయిల్ మీద పడుతుంది. అసలు దోషం రేడియేటరు ముందున్న పత్తి పొరది కావచ్చు. రెంటచింతల వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఆయిల్ వృథాగా రెండోసారి మార్చాల్సి వస్తుంది.

ఆయిల్ నడిచే దారి

లోపం పట్టాలంటే దారి తెలియాలి. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ అడుగున ఉన్న ఆయిల్‌ను జాలీ గుండా పంపు లాగుతుంది. అది కూలరు, ఫిల్టరు దాటి బ్లాకులోని ప్రధాన గొట్టంలోకి చేరి, అక్కడి నుంచి క్రాంకు మెయిన్ బేరింగులకు, కనెక్టింగ్ రాడ్డు బేరింగులకు, పైన రాకర్లకు, పక్క పాయగా టర్బోకు వెళ్తుంది. క్రాంకు ఇనుము, బేరింగు షెల్లు ఒకదానికొకటి తగలవు. మధ్యలో సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొరను నిలిపేది ప్రెషరు. నిమిషానికి లక్షకు దగ్గరగా, ఒక్కోసారి లక్ష దాటి తిరిగే టర్బో షాఫ్టుకు కొన్ని క్షణాల లోటు కూడా బరువే.

అందుకే మొదటి నియమం చాలా మొరటుగా ఉంటుంది. స్టార్ట్ చేశాక పది సెకన్లలో ఆయిల్ లైటు ఆరకపోతే ఇంజన్ ఆపేయాలి. కొత్త ఫిల్టరు నిండడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, పది సెకన్లకు మించి ఎదురు చూడడం మంచిది కాదు. "మేస్త్రీ, లైటు ఆరట్లేదు" అని డ్రైవరు ఫోన్ చేస్తే "కాసేపు రేజింగులో పెట్టు, అదే ఆరిపోద్ది" అని చెప్పే మేస్త్రీలు ఉన్నారు. క్రాంకు ఖర్చు పెరిగేది ఆ ఒక్క మాటతోనే.

మొదట చూడాల్సినవి

బండిని సమతలం మీద నిలిపి, ఇంజన్ ఆపి పది పదిహేను నిమిషాలు ఆగాక గేజి పుల్ల తీయాలి. ఆరు సిలిండర్ల లారీ ఇంజన్ మోడల్‌ను బట్టి సుమారు 15 నుంచి 25 లీటర్ల ఆయిల్ పడుతుంది. ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో లెక్క పెడితే గేజి చెప్పే దానికి సాక్ష్యం దొరుకుతుంది. కొత్త ఆయిల్ ఒక్క రోజులోనే నల్లబడిందని కంగారు పడడం అనవసరం. డీజిల్ మసి ఇంజన్ లోపల మిగిలి ఉంటుంది, దాన్ని తనలో కలుపుకోవడం మంచి ఆయిల్ పని. నల్లబడని ఆయిల్‌నే అనుమానించాలేమో.

రంగు పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం. వేడి పెనం మీద ఒక చుక్క వేస్తే చిటపటలాడుతుంది. వానాకాలంలో మూత లోపలి వైపు మాత్రమే తెల్లటి జిగురు కనిపిస్తే అది ఆవిరి చెమ్మే, హెడ్ గాస్కెట్ పోయిందని తీర్మానించనక్కర్లేదు. మట్టం పోసిన దానికంటే పెరిగి, డీజిల్ వాసన వేస్తూ పలచబడితే ఇంధనం చాంబర్‌లోకి దిగుతోంది. అది ఆయిల్ మార్పు వల్ల రాలేదు, అంతకు ముందు నుంచే ఉండి ఇప్పుడు కంటపడింది.

ఎక్కువ పోసిన బండి వేరే రకంగా బాధిస్తుంది. క్రాంకు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. నురుగును పంపు సరిగా లాగలేదు. చాంబర్ నిండుగా ఉన్నా ప్రెషరు ఊగిసలాడడానికి ఇదే కారణం. బ్రీదరు గుండా ఆయిల్ ఎగజిమ్ముతుంది, నీలిపొగ వస్తుంది. బ్రీదరు గొట్టం గాలి దారిలోకి కలిసే ఇంజన్లలో అరుదుగా మరింత ప్రమాదం జరుగుతుంది: ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా రేజవుతుంది. అప్పుడు గాలి వచ్చే దారిని చెక్కతోనో రేకుతోనో మూయడమే నమ్మదగిన మార్గం. చెయ్యి అడ్డం పెట్టకూడదు.

ప్రెషరు ఎప్పుడు పడుతోంది?

నిర్ధారణలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇది. మీటరు తక్కువ చూపుతోందన్నంత మాత్రాన తేలేదేమీ లేదు. ముందు సెన్సారు విప్పి, ఆ రంధ్రంలో సూదిమీటరు బిగించి అసలు ప్రెషరు చూడాలి. వేడెక్కిన ఇంజన్‌కు ఐడిల్‌లో చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో, పరుగులో మూడు నుంచి ఐదు కిలోలు సాధారణం. ఖచ్చితమైన అంకె తయారీదారు పుస్తకంలో ఉంటుంది. చాలాసార్లు ఫిల్టరు విప్పేటప్పుడు సెన్సారు వైరు ఊడి ఉంటుంది, అంతే.

అసలు ప్రెషరే తక్కువైతే అది పడే తీరు గమనించాలి. వేడి మీద ఐడిల్‌లో తక్కువగా ఉండి, రేజ్ చేస్తే పెరిగేది పలచని ఆయిల్ వల్ల, లేదా షెల్లుల అరుగుదల వల్ల. దీనికి తలకిందులుగా, స్టార్ట్ చేయగానే బాగుండి, రేజ్ చేసిన కొద్దీ పడిపోయి, ఆపి పావుగంట ఆగితే మళ్ళీ బాగయ్యేది జాలీ మూసుకున్న గుర్తు. పంపు గట్టిగా లాగినప్పుడు చెత్త జాలీకి అతుక్కుంటుంది, ఆపితే రాలిపోతుంది. ఆ చెత్త ఎక్కడిది? కొత్త ఆయిల్ డబ్బా మూత కింద అంటించిన అల్యూమినియం రేకును స్క్రూడ్రైవరుతో పొడిచినప్పుడు తెగిపడిన ముక్క కావచ్చు. అంతకంటే ఎక్కువగా, చేతులు తుడుచుకునే నూలు పీచు. ఆయిల్ పోసే నోటి దగ్గర తుడిచినప్పుడు దాని పోగులు లోపలికి జారతాయి. పత్తి పండే నేల మీద ఇంజన్‌ను పత్తే ఆపడం ఒక చోద్యం. చాంబర్ దించి జాలీ కడగడం తప్ప దీనికి మందు లేదు.

మూడో తీరు దారిని బట్టి తెలుస్తుంది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా పోయే 544డి జాతీయ రహదారి గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లోకి ఎక్కుతుంది. 16వ నంబరు రహదారి మీద చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా బల్లపరుపు దారిలో ఏ ఇబ్బందీ చూపని బండి, ఘాట్ ఎత్తులోనో మలుపులోనో లైటు వెలిగించి మళ్ళీ ఆర్పేస్తుంటే ఆయిల్ తక్కువ పోశారని దాదాపు తేల్చేయవచ్చు. బండి వంగినప్పుడు ఆయిల్ ఒక పక్కకు ఒరిగి జాలీ గాలి పీలుస్తుంది. ఒరిగిన నేల మీద కొలిచిన గేజి చెప్పిన అబద్ధం అక్కడ బయటపడుతుంది.

ఫిల్టరు చుట్టూ

చుట్టి బిగించే ఫిల్టరులో అతి పెద్ద ప్రమాదం పాత రబ్బరు రింగు. పాత ఫిల్టరు ఊడివచ్చినా రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీదే కొత్త రింగు కూర్చుంటుంది. ఐడిల్‌లో చుక్క కారదు. లోడుతో రోడ్డెక్కి ప్రెషరు పెరిగాక పై రింగు పక్కకు జారి, చాంబర్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది. వెనక టైర్ల దాకా ఆయిల్ చిమ్మి, రోడ్డు మీద గీతలా కనిపిస్తే ముందు ఇదే చూడాలి. గిన్నెలో కార్ట్రిడ్జి పెట్టే పాత ఇంజన్లలో గిన్నె రింగు నలిగి ఉండవచ్చు, లోపలి స్ప్రింగు పాత కార్ట్రిడ్జితో పాటు చెత్తలోకి పోయి ఉండవచ్చు. స్ప్రింగు లేకపోతే కారదు, లైటు వెలగదు. వడపోయని ఆయిల్ నెలల తరబడి తిరుగుతుంది.

డ్రెయిన్ బోల్టు కథ చిన్నది. త్రెడ్డు పోయిందా, రాగి వాషరు మళ్ళీ పాతదే వేశారా అని చూస్తే చాలు.

పోసినది ఏమిటి

ఊరి షెడ్లలో ట్రాక్టరు, లారీ డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ట్రాక్టరు గేరుబాక్సుకూ, ఆయిల్‌లో తడిసే బ్రేకులకూ కలిపి పోసే ఆయిల్ చూపుకు ఇంజన్ ఆయిల్ లాగే ఉంటుంది. కానీ మసిని మోసే గుణం దానికి లేదు. రంగు చూసి గుర్తుపట్టే మార్గమూ లేదు, ఖాళీ డబ్బా వెతికి పట్టుకోవాల్సిందే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 లారీల విషయంలో తప్పు ఆయిల్ ప్రభావం ఆలస్యంగా తెలుస్తుంది. వీటి సైలెన్సరులో మసి జల్లెడ ఉంటుంది. సీకే-4 తరగతి ఆయిల్ కాలితే మిగిలే బూడిదకు 1 శాతం పరిమితి ఉంది. పాత సీఐ-4 రకాలకు అటువంటి కట్టడి లేదు. ఎక్కువ బూడిద ఆ జల్లెడలో చేరి, వేల కిలోమీటర్ల తర్వాత బండి పికప్ తగ్గుతుంది. అప్పటికి ఆయిల్ మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

స్టార్ట్ కాకపోతే

ఆయిల్ మార్చాక బండి స్టార్ట్ కాకపోతే మన లారీల్లో దోషం సాధారణంగా ఆయిల్‌ది కాదు. అదే సర్వీసులో డీజిల్ ఫిల్టరు కూడా మార్చి ఉంటారు, లైనులో గాలి పట్టి ఉంటుంది. ఒకసారి అందుకుని వెంటనే ఆగిపోవడం దాని గుర్తు. చేతి పంపు కొట్టి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చే దాకా గాలి తీయాలి. అమెరికా పికప్ బండ్ల సంగతి వేరు. 1994 నుంచి 2003 దాకా ఫోర్డ్ వాడిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఇంజెక్టర్లను నడిపేదే ఇంజన్ ఆయిల్ ప్రెషరు. అక్కడ ఆయిల్ తక్కువైనా, నురుగెత్తినా ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు. ఆ ఇంజన్‌కు చెప్పిన చిట్కాలను వీడియోల్లో చూసి టాటా, లేలాండ్ బండ్ల మీద ప్రయోగించడం వల్ల ఒరిగేది లేదు.

శబ్దం వచ్చాక

ఆయిల్ లేకుండా నడిచిన ఇంజన్‌లో లోతైన డబడబ శబ్దం మొదలైతే రాడ్డు బేరింగు దెబ్బతిన్నట్టు. పైన సన్నటి టకటక అయితే రాకర్ల దగ్గర ఆయిల్ అందలేదు, అది మామూలు స్థితికి రావచ్చు. పాత వరుస పంపు ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టరు నట్టు వదులు చేసి చూస్తారు. ఏ సిలిండరు ఆపితే శబ్దం తగ్గుతుందో బేరింగు అక్కడిది. కామన్ రైల్ ఇంజన్లలో ఈ పని చేయరాదు. ఆ గొట్టాల్లో ప్రెషరు వెయ్యి కిలోలు దాటి ఉంటుంది, డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

విప్పేముందు ఫిల్టరును కోసి కాగితం పరచి చూడాలి. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటని రాగి రంగు పొడి షెల్లుల లోపలి పొర. ఆ పొడి కనిపిస్తే చాంబర్ దించక తప్పదు. క్రాంకు మీద గీతలు పడితే విజయవాడ ఆటోనగరులోనో గుంటూరులోనో గ్రైండింగ్ చేయించి, పది, ఇరవై, ముప్పై సైజుల్లో తగిన షెల్లులు వేస్తారు. పది సైజు అంటే పావు మిల్లీమీటరు తగ్గింపు. షెల్లులు పాడై విప్పిన ప్రతి ఇంజన్‌లోనూ ఆయిల్ కూలరును, టర్బో లైనును విప్పి కడగాలి. కూలరు గుంటల్లోని పొడి కడిగినా పోకపోతే దాన్ని మార్చాలి. అది వదిలేసి బిగించిన బండ్లు కొత్త షెల్లులతో ఎక్కువ దూరం పోకుండానే అదే శబ్దంతో షెడ్డుకు తిరిగి వస్తాయి.