మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్: ర్యాలీ చరిత్ర

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 1992 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన ఫోర్ వీల్ డ్రైవ్ టర్బో కారు. అభిమానులు ముద్దుగా ‘ఎవో’ అంటారు. ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్ ఈ కారుతోనే 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌గా నిలిచాడు. పాత కార్లు సేకరించేవాళ్లు నేడు దీనికోసం వెతకడానికి ఆ గెలుపులు ఒక కారణం. అంతకన్నా బలమైన కారణం, పోటీకి దిగిన కారు, షోరూంలో అమ్మిన కారు దాదాపు ఒక్కటే కావడం.

నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు లాన్సర్ కొత్త పేరేమీ కాదు. హిందుస్థాన్ మోటార్స్ 1998 నుంచి తమిళనాడులోని తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో తయారుచేసిన లాన్సర్ సెడాన్‌ను విజయవాడ రోడ్డు మీద, కర్నూలు రోడ్డు మీద చూసినవాళ్లు ఎందరో. నాలుగు నుంచి ఆరు దాకా వచ్చిన ఎవోలకు మూలం ఆ తరం లాన్సరే. అయితే మనకు ఎక్కువగా దొరికినవి 1.5 లీటర్ల పెట్రోలు, 2 లీటర్ల డీజిలు ఇంజన్లు. ఎవోలోని టర్బో ఇంజను గానీ, ఫోర్ వీల్ డ్రైవ్ గానీ వాటిలో లేవు.

ఆఫ్రికా మట్టిలో తొలి గెలుపు

లాన్సర్ పేరు ర్యాలీల్లో మారుమోగింది ఎవో పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే. 1973లో వచ్చిన లాన్సర్ 1600 జీఎస్ఆర్ చిన్న కారు, చక్కని తేలిక బండి. 1974 సఫారీ ర్యాలీలో దాన్ని నడిపి గెలిచింది కెన్యాలో పుట్టి పెరిగిన పంజాబీ, జోగిందర్ సింగ్. సఫారీ అంటే వేల కిలోమీటర్ల దూరం, మామూలు జనం తిరిగే రోడ్లు, వాన పడితే ఇరుసు దాకా దిగబడే ఎర్రమట్టి. పోర్షే 911తో వచ్చిన స్వీడన్ డ్రైవర్ బ్యోర్న్ వాల్డెగార్డ్ ఆ ఏడు రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో మిత్సుబిషికి అదే మొదటి విజయం. 1976లో జోగిందర్ మళ్లీ గెలిచాడు. ఆసారి మొదటి మూడు స్థానాలూ లాన్సర్లవే. మూడో కారు నడిపిన స్కాట్లాండ్ డ్రైవర్ ఆండ్రూ కోవన్ తర్వాతి కాలంలో యూరప్‌లో మిత్సుబిషి ర్యాలీ జట్టుకు అధిపతి అయ్యాడు. మాకినెన్ టైటిళ్లన్నీ అతని హయాంలో వచ్చినవే.

2,500 కార్ల షరతు

1986లో కోర్సికా ర్యాలీలో హెన్రీ తోయివోనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో కారు లోయలో పడి కాలిపోవడంతో చనిపోయారు. దాంతో అడ్డూ అదుపూ లేని శక్తితో పరుగెత్తే గ్రూప్ బి కార్లకు తెరపడింది. 1987 నుంచి రాజ్యమేలింది గ్రూప్ ఎ. దాని సారాంశం ఇది: జనానికి అమ్మే కారుతోనే పోటీకి రావాలి, అదీ వేల సంఖ్యలో తయారుచేసి ఉండాలి. ఎవో వచ్చేనాటికి ఆ సంఖ్య 2,500.

మిత్సుబిషి మొదట గలాంట్ వీఆర్-4తో బరిలోకి దిగింది. 1991 ఐవరీ కోస్ట్ ర్యాలీలో ఆ కారుతోనే కెంజిరో షినోజుకా ప్రపంచ ర్యాలీ గెలిచిన తొలి జపనీయుడయ్యాడు. కానీ గలాంట్ బరువైన, పొడవైన కారు. అందుకే 4జీ63 అనే దాని రెండు లీటర్ల టర్బో ఇంజనునూ, ఫోర్ వీల్ డ్రైవ్‌నూ చిన్న లాన్సర్‌లోకి మార్చారు. అలా వచ్చింది మొదటి ఎవో. అనుకున్న 2,500 కార్లూ చూస్తుండగానే అమ్ముడుపోవడంతో మరికొన్ని తయారుచేయక తప్పలేదు. ఇందులో ఆర్ఎస్ రకం కొన్నవారికి సౌకర్యాలు తక్కువే. అది ర్యాలీ జట్ల కోసం బరువు తగ్గించి చేసిన కారు.

1993 మాంటీ కార్లోలో అరంగేట్రం. తొలి విజయం 1995 స్వీడన్ ర్యాలీలో దక్కింది. ఎవో 2 నడిపిన కెనెత్ ఎరిక్సన్ మొదట, మాకినెన్ రెండోవాడు.

మాకినెన్ ఏళ్లు

1996లో తొమ్మిది ర్యాలీలు జరిగితే మాకినెన్ ఐదు గెలిచాడు: స్వీడన్, సఫారీ, అర్జెంటీనా, ఫిన్లాండ్, ఆస్ట్రేలియా. మంచు నుంచి మట్టి దాకా అన్నిచోట్లా కారు నిలబడింది. వీటిలో ఎక్కువ భాగం కంకర బాటలే. మన మొరం రోడ్డు లాగే పైన గుల్లగా, కింద గట్టిగా ఉండే నేల అది. అక్కడ బ్రేకు కంటే ముందు చక్రాలకు పట్టు కావాలి. తర్వాతి తరమైన ఎవో 4 రోడ్డు కారులో ఆ పని చేసింది వెనక ఇరుసులో అమర్చిన ఏవైసీ (యాక్టివ్ యా కంట్రోల్) అనే పరికరం. మలుపులో ఎడమ, కుడి చక్రాలకు వెళ్లే శక్తిని అది వేర్వేరుగా పంచుతుంది కాబట్టి కారు ముక్కు మలుపులోకి తేలిగ్గా తిరుగుతుంది.

1997లో కొత్త ‘వరల్డ్ ర్యాలీ కార్’ నిబంధనలు వచ్చాయి. ఇక వేల కార్లు అమ్మనక్కర్లేదు, పోటీ కోసం 20 ప్రత్యేక కార్లు చేసుకుంటే చాలు. సుబారు, ఫోర్డ్, తర్వాత టయోటా అటు మళ్లాయి. మిత్సుబిషి మాత్రం గ్రూప్ ఎ దారి వదల్లేదు. స్వేచ్ఛ తక్కువైనా ఆ ఏడు మాకినెన్ 63 పాయింట్లతో, 62 పాయింట్ల కోలిన్ మెక్‌రేను దాటాడు. నా దృష్టిలో ఎవో చరిత్రలో అతి విలువైన టైటిల్ అదే.

1998 నవంబరులో బ్రిటన్‌లో జరిగిన ఆఖరి ర్యాలీని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. తొలిరోజే, ముందు వెళ్లిన పాత కారు ఒలికించిన నూనె మీద జారి మాకినెన్ కారు కాంక్రీటు దిమ్మెను ఢీకొంది. వెనక చక్రం ఊడింది. మూడు చక్రాలతోనే ముందుకు సాగుతుంటే రోడ్డు మీద పోలీసులు ఆపేశారు. ఇక కార్లోస్ సైన్జ్ తన టయోటాతో నాలుగో స్థానంలో ముగించినా చాలు, టైటిల్ అతనిదే. చివరి రోజు చివరి స్టేజీ, గమ్యం 300 మీటర్ల దూరం. అక్కడ టయోటా ఇంజను పగిలి కారు ఆగిపోయింది. సహచరుడు లూయిస్ మోయా కోపం ఆపుకోలేక హెల్మెట్‌ను కారు వెనక అద్దంలోకి విసిరాడు. 58 పాయింట్ల మాకినెన్, 56 పాయింట్ల సైన్జ్‌ను దాటి మూడోసారి చాంపియన్. ఆ ర్యాలీని మరో మిత్సుబిషి కారుతో గెలిచింది రిచర్డ్ బర్న్స్. మిత్సుబిషికి దక్కిన ఒకే ఒక్క తయారీదారుల టైటిల్ కూడా ఆ ఏడుదే.

1999లో నాలుగో టైటిల్ వచ్చింది. 2001లో మాంటీ కార్లో, పోర్చుగల్, సఫారీ గెలిచాక, అదే ఏడాది చివర్లో జట్టు కొత్త నిబంధనల కారుకు మారింది. ఆ కారు ఒక్క ప్రపంచ ర్యాలీ కూడా గెలవలేదు. మాకినెన్ సుబారుకు వెళ్లిపోయాడు. 2005 చివర్లో మిత్సుబిషి చాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంది.

సొంత డబ్బుతో ఆడినవాళ్ల కారు

కంపెనీ జట్లతో పాటు, చిన్న మార్పులతో నడిపే గ్రూప్ ఎన్ విభాగంలోనూ ఎవో రాణించింది. ఉరుగ్వే డ్రైవర్ గుస్తావో ట్రెల్లెస్ 1996 నుంచి 1999 దాకా ఆ టైటిల్ వరుసగా గెలిచాడు. 2002లో మలేసియాకు చెందిన కరంజిత్ సింగ్ ప్రొటాన్ పెర్ట్ కారుతో ప్రొడక్షన్ కార్ల ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పేరు ప్రొటాన్‌దే అయినా లోపలున్నది ఎవోయే. మన దేశంలో 1988లో మొదలైన జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఎంఆర్ఎఫ్ జట్టు లాన్సర్ సీడియాలతో చాలా ఏళ్లు పోటీపడింది. ఆ సీడియాల్లో గౌరవ్ గిల్ కూడా రాటుదేలాడు. అతను తర్వాత 2013లో ఆసియా-పసిఫిక్ టైటిల్ గెలిచాడు, అయితే స్కోడా కారుతో.

సేకరణలో విలువ

అందరూ కోరుకునేది ఎవో 6 టామీ మాకినెన్ ఎడిషన్. నాలుగు టైటిళ్లకు గుర్తుగా 2000లో విడుదల చేశారు. త్వరగా తిరిగే టైటానియం టర్బో, ప్రత్యేకమైన ముందు బంపరు దీని గుర్తులు. ఎర్ర రంగు మీద ర్యాలీ చారలున్న కారుకు మరింత గిరాకీ. 2021లో మిత్సుబిషి బ్రిటన్ శాఖ తన పాత కార్లను వేలం వేసినప్పుడు ఈ రకం ఒకటి 1,00,100 పౌండ్లు పలికింది. ర్యాలీ ఆడిన కారయితే కొనేవాళ్లు ముందు షాసీ నంబరునూ, లాగ్‌బుక్కునూ సరిచూస్తారు. మామూలు లాన్సర్‌కు ఎవో బంపర్లు తగిలించి అమ్మడం మామూలే కాబట్టి.

మన దేశానికి మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా దిగుమతి చేసుకోవడం కుదరదు. అందువల్ల మాకినెన్ నాటి ఎవోలు ఇక్కడ కొనడానికి తేలిగ్గా దొరకవు. 2010లో మిత్సుబిషి ఇక్కడ అధికారికంగా అమ్మిన ఎవో 10 మాత్రమే భారతీయ సేకర్తలకు సూటిగా అందే తరం. దాని తయారీ కూడా 2016 నాటికి ఆగిపోయింది.