కృష్ణా పశ్చిమ డెల్టా తీరంలో మడ అడవులు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెనాలి అనగానే కాలువలు, బాపట్ల అనగానే సూర్యలంక తీరం స్ఫురిస్తాయి. రేపల్లె దాటి లంకెవానిదిబ్బ, నిజాంపట్నం వైపు సాగితే నదీజలం, సముద్రజలం కలిసే బురదనేలల్లో మడ అడవులు కనిపిస్తాయి. కాలువలకు దక్కిన స్థానం ప్రాంతీయ స్మృతిలో వీటికి దక్కలేదు.

ఆనకట్ట - అడవి:
1833 నాటి డొక్కల కరవును చూసిన గుంటూరు సీమకు 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ప్రాణదానం చేసింది. కుడిగట్టు కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలను వరిపొలాలుగా మార్చాయి. అయితే మడచెట్టు ఉప్పును తట్టుకోగలిగినా, ఏపుగా పెరగడానికి నది తెచ్చే మంచినీరు, ఒండ్రు కావాలి. ఎగువన ఆనకట్టలు పెరిగి, నీరు సాగుకు మళ్లేకొద్దీ నదీముఖానికి ఆ రెండూ తగ్గాయి. డెల్టాకు అన్నం పెట్టిన నీరే దాని చివరి అంచుకు కరవైంది.

ఉప్పెన పాఠం:
1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరాన్నీ దెబ్బతీసింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు పదివేలు. అంతటి ఉప్పెనను మడ అడవి పూర్తిగా ఆపుతుందనడం అతిశయోక్తి. దాని ఊతవేర్లు, శ్వాసవేర్లు అలల ఉధృతిని తగ్గించి ఒండ్రును నిలుపుతాయనడం శాస్త్రసమ్మతం. రొయ్యలకు, పీతలకు, చేపపిల్లలకు ఆ వేళ్ల నడిమి నీరే పుట్టిల్లు. కనుక అడవి నశిస్తే మత్స్యకారుల రక్షణతోపాటు జీవనాధారమూ దెబ్బతింటుంది.

చట్టాలు - చెరువులు:
1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన మడ అడవులకు అత్యధిక రక్షణ కల్పించింది. ఆ దశాబ్దంలోనే కోస్తాలో రొయ్యల చెరువులు విస్తరించాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు నియంత్రణ పరిధిలో, సంప్రదాయ పద్ధతులకు మినహాయింపునిస్తూ, రొయ్యల చెరువులను నిషేధించింది. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో ఈ సాగును నమోదు విధానంలోకి తెచ్చింది. దీన్నిబట్టి చట్టం చెరువును పూర్తిగా తొలగించలేదని, క్రమబద్ధం చేయడానికే మొగ్గిందని గ్రహించవచ్చు.

పునరుద్ధరణ:
నరికిన చోట నేల పల్లమై, నిలిచిన నీరు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మొక్క నాటితే చాలదు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోట్ల నీరు వచ్చిపోయేలా చేయాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ గ్రామస్థులతో కలిసి ఆంధ్ర తీరంలో ఈ పద్ధతిని అనుసరించాయి.

ముగింపు:
2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. హద్దులు మారినా నీటి దారి ఒక్కటే. తెనాలి కాలువ చరిత్ర రేపల్లె దిగువన మడచెట్టు మొదట్లో ముగిసినప్పుడే సంపూర్ణమవుతుంది.