ఉత్తరాంధ్ర మన్యంలో సికిల్ సెల్: పిల్లల పక్షవాతం వెనుక చరిత్ర

సికిల్ సెల్ వ్యాధి రక్తహీనతతో, ఒళ్లు నొప్పులతో ఆగిపోదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఈ వ్యాధి జన్యువు వచ్చిన పిల్లల్లో కొందరికి మెదడు అడుగున ఉండే పెద్ద ధమనులు ఏళ్ల తరబడి సన్నబడుతూ పోతాయి. అవి మూసుకుపోయే కొద్దీ చుట్టూ బలహీనమైన సన్నని నాళాలు అల్లుకుంటాయి. పక్షవాతానికి దారితీసే ఈ స్థితిని మొయామొయా అంటారు. డౌన్ సిండ్రోమ్, న్యూరోఫైబ్రొమటోసిస్ ఉన్న పిల్లల్లోనూ ఇది అరుదుగా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో మాత్రం ఈ కథకు మూలం కొండల్లోని సికిల్ సెల్.

ఆ జన్యువు నిలబడడానికి కారణం మలేరియా. ఒక్కరి నుంచే జన్యువు వచ్చినవారికి జబ్బు రాదు, పైగా మలేరియా తీవ్రత తగ్గుతుందని శాస్త్రవేత్త ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపాడు. మన్యం జ్వరానికి పేరుపడిన తూర్పు కనుమల్లో సవర, జాతాపు, గదబ కుటుంబాలు తరతరాలుగా బతికాయి. జ్వరం నుంచి కొందరిని కాపాడిన ఆ జన్యువే, ఇద్దరి నుంచీ సంక్రమించిన బిడ్డకు ముప్పు అయింది.

వైద్యం అందని కాలంలో జబ్బుకు రెండు దారులుండేవి. కొండల్లో గిరిజన పూజారి అయిన ఎజ్జోడిని పిలిచి పూజ చేయించేవారు. మైదానంలో అరసవల్లికి మొక్కుకునేవారు. కళింగ పాలకుడు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెప్పే ఆ సూర్యనారాయణ ఆలయానికి కంటిజబ్బులు, చర్మవ్యాధులు, దీర్ఘరోగాలు ఉన్నవారు వస్తారు. ఇంద్రపుష్కరిణిలో స్నానం చేస్తారు. రథసప్తమినాడు తలమీద జిల్లేడాకులు, రేగుపళ్లు ఉంచుకుని స్నానమాడి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతారు. ఈ ఆచారాలు కుటుంబానికి ధైర్యమిచ్చాయి. నెత్తుటిలోని కారణం మాత్రం సూక్ష్మదర్శినికే చిక్కింది.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో కొడవలి ఆకారపు రక్తకణాలను తొలిసారి వర్ణించాడు. లోపం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ కణాలు బయటపడడంతో భారతదేశమూ ఆ పటంలో చేరింది. తర్వాతి దశాబ్దాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర పరిశోధకులు ఉత్తరాంధ్ర గిరిజనుల రక్తాన్ని పరీక్షించారు. పరీక్ష చిన్నదే. గాజుపలక మీద రక్తపు చుక్కకు సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, గాలి తగలకుండా మూస్తారు. ప్రాణవాయువు తగ్గగానే గుండ్రటి కణాలు కొడవళ్లలా వంగుతాయి. అయితే అది జన్యువు ఉన్నట్టు మాత్రమే చెబుతుంది. జబ్బో, ఒక్కరి నుంచే జన్యువు వచ్చిన వాహకత్వమో తేలాలంటే హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే ఎలక్ట్రోఫోరెసిస్ వంటి పరీక్ష కావాలి.

మెదడు నాళాల సంగతి వేరే దారిలో తెలిసింది. జపాన్‌లో 1957లో తొలి వర్ణన వచ్చింది. 1969లో సుజుకి, తకాకు దానికి మొయామొయా అని పేరుపెట్టారు. సికిల్ సెల్ పిల్లల్లో ఆ ముప్పును ముందే పట్టే మార్గాన్ని అమెరికాలో రాబర్ట్ ఆడమ్స్ చూపాడు. కణత మీద అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి ధమనిలో రక్తవేగం కొలుస్తారు. సన్నబడిన నాళంలో వేగం పెరుగుతుంది. సెకనుకు 200 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. అలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే తొలి పక్షవాతం 90 శాతానికి పైగా తగ్గిందని 1998లో ఆయన బృందం ప్రకటించింది. హైడ్రాక్సీయూరియా మాత్రలు తర్వాత మరో ఆధారమయ్యాయి. భారతీయ రోగుల్లో, కణాలు వంగడాన్ని తగ్గించే పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం వల్ల ఆఫ్రికా సంతతి వారికంటే పక్షవాతం తక్కువే. అలాగని ముప్పు లేకపోలేదు.

ప్రభుత్వ గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వసాగింది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది.

రక్తపరీక్షతో పని పూర్తికాదు. తీవ్రమైన సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డకు రెండేళ్ల నుంచి 16 ఏళ్ల దాకా ఏటా కణత మీద చేసే ఆ అల్ట్రాసౌండ్ (డాప్లర్) పరీక్ష జరగాలి. ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పినా, మాట తడబడినా, అది కాసేపటికే సర్దుకున్నా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.