పాటయు పౌరహక్కును

హైదరాబాదు నగరమున తార్నాక, హబ్సిగూడ ప్రాంతములను ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము గలదు. అందలి ఆర్ట్సు కళాశాలా భవనమునకు 1939 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. దానికి ఒక సంవత్సరము ముందు, ఆ విద్యాలయపు వసతిగృహములలో ఒక పాట నిషేధింపబడినది. దానిని పాడిన విద్యార్థులు బహిష్కరింపబడిరి. ఈ వృత్తాంతమును మనవారు దేశభక్తి కథగా చెప్పుకొందురు. అది నిజమే. కాని మేము దీనిని పౌరహక్కుల కథగా విచారింపదలచితిమి.

నైజాము రాజ్యమున ఆ కాలమందు సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలసియుండెను. ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు ప్రజల నోటికి తాళము వేసినది. 1938 సెప్టెంబరులో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధింపబడెను. అక్టోబరులో సత్యాగ్రహము మొదలయ్యెను. మాటకు అడ్డు కలిగినచోట పాట ముందునకు వచ్చును. పాటకు వేదిక అక్కరలేదు, అచ్చుకూటము అక్కరలేదు. ఒకడు ఎత్తుకొనిన పదిమంది అందుకొందురు. ఉపన్యసింపజాలని పదునెనిమిదేండ్ల బాలుడు సయితము పాటలో గొంతు కలుపగలడు. కలిపిన క్షణమున తాను ఒంటరి కాడని అతనికి తెలియును. కనుకనే ప్రభుత్వములు పిల్లల పాటకు జంకును.

ఆ నవంబరులో హిందూ విద్యార్థులు వసతిగృహపు ప్రార్థనాస్థలమున ‘వందేమాతరము’ పాడిరి. అధికారులు కూడదనిరి. విద్యార్థులు మానక తరగతులు విడిచిరి. వందలకొలది బాలురు చదువునకు దూరమైరి. హనుమకొండలో చదువుచుండిన పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు. నాగపురము విశ్వవిద్యాలయము వారిలో అనేకులకు ఆశ్రయ మిచ్చినది. ఆ దినములలోనే చెరసాలలో దెబ్బదెబ్బకును ఆ మాటనే పలికిన రామచంద్రరావుగారికి ‘వందేమాతరం’ ఇంటిపేరువలె స్థిరపడినది. పేరుపొందినవారిని మనము ఎరుగుదుము. పేరు లేనివారి మాటయేమి? బిడ్డ చదువుపై ఆశలన్నియు పెట్టుకొన్న తల్లిదండ్రులకు ఆ బహిష్కారపు ఉత్తరువు ఎట్లుండెనో బిడ్డలు గల చదువరులే ఊహింపగలరు.

ఇచట ఒక సంగతి దాచరాదు. ఆ పాటపై ముసల్మానులలో ఆక్షేపణ యుండెను. కాంగ్రెసు కార్యవర్గము దానిని విచారించి, సభలలో మొదటి రెండు చరణములు మాత్రమే పాడవలెనని 1937లోనే నిశ్చయించినది. ఆక్షేపించినవారి నొప్పి లేనిదని మేము అనము. కాని దానిని కూర్చుండి మాటాడి తీర్చుకొనవలెను. పాడినవాని చదువు తీసివేయుట ఏ నొప్పికిని మందు కాదు.

హబ్సిగూడ యను పేరు ఆఫ్రికానుండి వచ్చి యిచ్చట కొలువు చేసిన హబ్షీలనుబట్టి కలిగినదందురు. అదే ఖండమునుండి బానిసలుగా అమెరికాకు కొనిపోబడినవారి సంతతియు పాటతోనే హక్కులు అడిగినది. జార్జియా రాష్ట్రమందలి ఆల్బనీ పట్టణమున 1961లో బెర్నిస్ జాన్సన్ అను విద్యార్థిని ఊరేగింపులో పాల్గొని చెరకు పోయినందుకు కళాశాలనుండి వెడలగొట్టబడినది. మరుసటి సంవత్సరము ఆమెయు తోడివారును ‘ఫ్రీడమ్ సింగర్స్’ అను గాయకబృందముగా ఏర్పడి దేశమంతయు తిరిగి పాడిరి. దూరదేశమైనను విద్యార్థికి పడిన శిక్ష ఒక్కటే.

ఇక స్వతంత్ర భారతమున జరిగిన వేరొక కథ. 1985లో కేరళమందు ముగ్గురు పిల్లలు బడినుండి వెడలగొట్టబడిరి. వారి తప్పేమి? జాతీయగీతము పాడునపుడు మర్యాదతో నిలుచుండిరేగాని, తమ మతవిశ్వాసమునుబట్టి గొంతు కలుపలేదు. 1986లో సుప్రీంకోర్టు వారిని మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మన తెలుగువారైన ఓ. చిన్నప్పరెడ్డిగారు.

ఈ రెండు కథలను ఒకచోట పెట్టి చూడుడు. ఉస్మానియాలో పాడినందుకు శిక్ష. కేరళమున పాడనందుకు శిక్ష. మొదటి దానికి మనము కోపింతుము, రెండవ దానికి ఊరకుందుము. ఇది న్యాయమా? బలవంతముచే ఆపబడిన పాటయు, బలవంతముచే పాడింపబడిన పాటయు ఒకే అధికారపు రెండు చేతులు. నాడు ఉస్మానియా బాలురు కోరినది ఒక గీతమును మాత్రమే కాదు. తమ గొంతు తమదని వారు కోరిరి. ఆ కోరిక న్యాయమైనచో, గొంతు విప్పనివానికిని అది చెల్లవలెను.

మన యిండ్లలోని పిల్లలకు పాటలు నేర్పుదము. ఆర్ట్సు కళాశాలను చూపునపుడు, ఇచట పాడినందుకు చదువు పోగొట్టుకొన్నవారు కలరని చెప్పుదము. రేపు వారి తరగతిలో ఒక పిల్లవాడు వేరొక పాట పాడినను, మౌనముగా నిలిచినను, వానిని వెడలగొట్టుడని అరచువారిలో మన బిడ్డ గొంతు ఉండరాదు. ఆనాటి బాలురకు మనము తీర్పదగిన ఋణము ఇదియే.