ఐపీ పిటిషన్: బోధన్ చెరకు సీమలో అప్పుల చట్టాలు

మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు ఏడాది పంట. బిల్లు చేతికందేదాకా ఎరువులకూ కూలికీ ఇంటి ఖర్చుకూ అప్పే దిక్కు.

నిజాం సర్కారు బాకీ కింద మనిషినే కట్టేసుకునే భగేలా పద్ధతిని 1936 రెగ్యులేషన్‌తో అదుపు చేయబోయింది. 1349 ఫసలీలో వడ్డీ వ్యాపారులకు చట్టం తెచ్చింది. ఈ రెండూ అప్పిచ్చినవాడికి ముకుతాడు వేసేవే.

అప్పు తీసుకున్నవాడు బయటపడే దారి 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టంలో ఉంది. ఇప్పుడు నిజామాబాద్‌లో ‘ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్) పెట్టాడు’ అనేది దీని గురించే. బాకీ 500 రూపాయలున్నా తీర్చలేనివాడు కోర్టుకెక్కవచ్చు. ఎవరికెంత ఇవ్వాలో, తనకేం ఉందో లెక్క చూపాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. ఆపైన తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లెవరూ కోర్టు అనుమతి లేకుండా అతని మీదికి రాకూడదు. ఆస్తి అమ్మగా వచ్చింది దామాషాలో పంచుతారు. చివరికి కోర్టు విడుదల ఉత్తర్వు ఇస్తే మిగతా బాకీ రద్దవుతుంది. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు మాత్రం వదలవు. దివాలాకు ముందు రెండేళ్లలో పొలం ఉత్తినే భార్య పేర రాసిచ్చినా ఆ రాత కొట్టివేయొచ్చు.

అసలు వసూలు దావాలోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ వంట పాత్రలు, పరుపు, చేతివృత్తి పనిముట్లు, రైతు ఎడ్లు జప్తు కాకుండా కాపాడుతుంది. చెల్లించే స్తోమత లేదన్న ఒక్క కారణంతో జైలుకు పంపకూడదని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. 2016 దివాలా స్మృతి కింద 2019లో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రిబ్యునల్) లిక్విడేషన్‌కు ఆదేశించింది. అంటే కంపెనీ అప్పులన్నీ ఒకే చోట తేల్చే ఏర్పాటు ఉంది. కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు మీద అప్పిచ్చినవాళ్లతో సమాన వరస కూడా ఉంది.

జీతం ఆగిన కార్మికుడి ఇంటి అప్పులకు ఈ స్మృతి కింద ఆ ఏర్పాటు లేదు. స్మృతిలో వ్యక్తుల కోసం రాసిన మూడో భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే వర్తిస్తోంది. మిగతావారికి పాత ఐపీయే గతి. ఐపీ పెట్టేదాకా బంగారం మీద అప్పిచ్చినవారు ఒకరు, మైక్రోఫైనాన్స్ కింద ఇచ్చినవారు ఒకరు ఎవరికి వారే గుమ్మం తొక్కుతారు.

మూడో భాగం అందరికీ అమలైనా ఎందరికి ఊరటో అనుమానమే. చిన్న అప్పులు మాఫీ చేసే ‘ఫ్రెష్ స్టార్ట్’కు ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 రూపాయలు మించకూడదు. తాకట్టులో ఉన్నా సరే, సొంత ఇల్లుంటే అర్హత లేదు. శక్కర్‌నగర్ కార్మికుడికి పెంకుటిల్లు ఒక్కటి మిగిలినా ఈ తలుపు మూసుకున్నట్టే. అమలు తేదీ ప్రకటించేముందు ఈ హద్దులు తిరగరాయడం అవసరం.